నక్షత్రమును వెంబడించు యంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)

ఆకాశములోని చుక్కకు ఫొటో తీయునపుడు దూరదర్శిని ఆ చుక్కను విడువక వెంబడించుటకు చేయవలసిన ఏర్పాటును గూర్చినది ఈ ప్రసంగము. ఆంగ్లేయులు దానిని ఆటోగైడింగు అందురు. పేరు కొత్తదే కాని పని పాతది. ఆ పాతపనిలో తెలుగునేల చేసిన సేవ తెలుగువారిలోనే పెక్కుమందికి తెలియదు. ఆ సేవ యెట్టిదో తెలియవలెనన్న యంత్రపు సంగతి ముందుగా తెలియవలెను.

ఈ దినములలో సెల్‌ఫోను లేని కుర్రవాడు అరుదు. అట్టివాడొకడు అమావాస్యనాటి రాత్రి మేడయెక్కి, ఫోనును పిట్టగోడమీద కదలకుండ నిలిపి, కృత్తికలవైపు త్రిప్పి, ఒక నిమిషముసేపు బొమ్మ పడనిచ్చినచో ఏమగును? పల్లెలలో పిల్లలకోడి యని పిలుచుకొను ఆ గుంపు చుక్కలుగా పడదు, సన్నని గీతలుగా పడును. సేపు పెరిగినకొలది గీత పొడవగును. ఫోను కదలలేదు, గోడ కదలలేదు. కదలినది గోడతో కూడ ఈ భూమియే. నావలో ముందునకు పోవువానికి ఒడ్డుననున్నవి వెనుకకు పోవునట్లు తోచునని ఉపమానము చెప్పి, క్రీ.శ. 499 ప్రాంతముననే ఆర్యభటుడు ఈ రహస్యమును బోధించెను.

భూమి తనచుట్టు తాను ఒకమారు తిరిగి మరల అదే చుక్కకు ఎదురుగా నిలుచుటకు 23 గంటల 56 నిమిషముల 4 సెకనులు పట్టును. సిద్ధాంత గ్రంథముల లెక్కలో అంశకు 60 కలలు, కలకు 60 వికలలు. ఆ లెక్కను ఆకాశము సెకనుకు ఇంచుమించు 15 వికలలు జరుగుచుండును. వికల యనగా ఎంత? ఒక రూపాయి బిళ్లను నాలుగైదు కిలోమీటర్ల దూరమున నిలువబెట్టి చూచినచో అది కంటికి చూపు వెడల్పు ఒక వికల. అట్టివి సెకనుకు పదునైదు చొప్పున చుక్క తప్పించుకొని పోవుచుండును. కంటితో చూచువానికి ఇది బాధ గాదు. ఫొటో తీయువానికి మాత్రము ఇదియే మొదటి శత్రువు.

ఏలయనగా కన్ను వెలుతురును కూడబెట్టలేదు. క్షణములో పదోవంతు సేపు వచ్చిన వెలుగుతో తృప్తిపడి, దానిని తుడిచివేసి, మరల చూచును. ఫొటో ఫలకము అట్లుగాదు. చిల్లుకుండ క్రింద పెట్టిన పాత్రవలె బొట్టుబొట్టును నిలువచేయును. మృగశిరా మండలములోని మసకమబ్బు వంటి నీహారికగాని, సప్తర్షుల దాపుననున్న దూరపు పాలపుంతలుగాని కంటికి కనబడక ఫొటోలో రంగురంగులుగా విప్పారుట ఇందువలననే. కాని పాత్ర ధారక్రింద నిలిచియుండవలెను. ధార జరుగుచుండగా పాత్ర నిలిచియున్నచో నీరు నేలపాలగును.

కావున దూరదర్శినిని మోయు యంత్రమును, అనగా మౌంటును, భూమి తిరుగుడుకు ఎదురు తిరుగునట్లు నిర్మించిరి. దాని ఇరుసు భూమి ఇరుసుతో సమాంతరముగా ఉండవలెను. అనగా ఇరుసు కొన ఉత్తరధ్రువమును చూడవలెను. ధ్రువుని ఎత్తు ఏ ఊరికి ఎన్ని అంశలో ఆ ఊరి అక్షాంశమును అన్నియే. నంద్యాలకు ఇది పదునైదున్నర అంశలు, ఆళ్లగడ్డకు పదునైదు అంశలకు కొద్దిగా పైన. ఈ రెండు ఊళ్ల నడుమ నలువది కిలోమీటర్లే యైనను, ఆళ్లగడ్డలో సరిచేసిన యంత్రమును నంద్యాలకు తెచ్చి అట్లే నిలిపినచో ధ్రువుని ఎత్తులో మూడవవంతు అంశ తప్పు వచ్చును. ఊరు మారినప్పుడెల్ల ఇరుసును మరల సరిచూడవలసినదే.

ఈ సీమవారికి ఇక్కడ ఒక చిక్కు కలదు. ఐరోపాలోను అమెరికాలోను ధ్రువుడు నలువది యేబది అంశల ఎత్తున నిర్మలాకాశమున ఉండును. అక్కడివారి పుస్తకములన్నియు ఆ భరోసాతో వ్రాయబడినవి. నంద్యాల సీమలో ధ్రువుడు చింతచెట్ల తలలకు కొంచెము పైన, ధూళిలోను, వరిమళ్లపై లేచిన మంచులోను మునిగి యుండును. ఉత్తానపాదుని కుమారునికి విష్ణువు ఎంత ఉన్నతస్థానము నిచ్చినను ఈ అక్షాంశమున అది నేలకు దగ్గరగానే కనబడును! పైగా ఆ చుక్క సరిగా ధ్రువస్థానమున లేదు. ఈ కాలమున దానికి ఇంచుమించు 38 కలల దూరముననుండి దినమునకొకసారి చిన్న వలయముగా తిరుగుచున్నది. చుక్కనే ధ్రువస్థానమనుకొని ఇరుసును నిలిపినవాని ఫొటోలో నక్షత్రము గంటకు పది కలలవరకు ప్రక్కకు జారును. ఇరుసులోని చిన్నగొట్టములో గీయబడిన వలయముమీద ఆ సమయమునకు ధ్రువుడెక్కడ ఉండవలెనో అక్కడ ఉంచుటయే సరియైన పద్ధతి.

ధ్రువుడు కనబడని తావున మరియొక ఉపాయము కలదు. దక్షిణపు నడిమింట, విషువద్వృత్తమునకు దగ్గరగానున్న చుక్కను ఐదు నిమిషములు చూడవలెను. అది దక్షిణమునకు జారినచో ఇరుసు కొన తూర్పునకు మిక్కిలిగా పోయినదని అర్థము. ఉత్తరమునకు జారినచో పడమటికి. తరువాత తూర్పున తక్కువ ఎత్తునున్న చుక్కను చూడవలెను. అది దక్షిణమునకు జారినచో కొన మిక్కిలి క్రుంగినది, ఉత్తరమునకైన మిక్కిలి లేచినది. తూర్పున నల్లమల అడ్డముగానుండుటచేత కొండ దాటి బాగుగా పైకివచ్చిన చుక్కనే ఎన్నుకొనవలెను. ఇది ఓపికతో గూడిన పని. కాని ఈ పద్ధతికి ధ్రువునితో పనిలేదు, యంత్రము వెలతో పనిలేదు.

ఇరుసు నిలిచినది. ఇక మోటారు చుక్కవేగముతో త్రిప్పును గదా, చాలదా యని అడుగవచ్చును. చాలదు. మోటారు ఇరుసును త్రిప్పునది పండ్లచక్రముతోను, దానిని కొరికి తిరుగు మరచుట్టు కడ్డీతోను. మనుష్యుడు కోసిన పండ్లు ఎంత నునుపైనను సమానముగా ఉండవు. కడ్డీ ఒక చుట్టు తిరుగునంతలో చుక్క ముందునకు వెనుకకు ఊగును. మధ్యతరగతి యంత్రములలో ఒక చుట్టుకు ఎనిమిది పది నిమిషములు పట్టును. ఆ లోపల చుక్క ఇటు పదునైదు అటు పదునైదు వికలలు ఊగుట సామాన్యము. నాలుగువందల మిల్లీమీటర్ల నాభ్యంతరము గల చిన్న దూరదర్శినికి తగిలించిన కెమెరాలో ఒక్కొక్క గడి ఇంచుమించు రెండు వికలలను పట్టును. ముప్పది వికలల ఊపు పదునైదు గడుల గీత యగును. బియ్యపుగింజ ఆకారమున చుక్కలు పడిన ఫొటోలను చూచి యంత్రము చెడినదని విసిగికొనువారు కలరు. యంత్రము చెడలేదు. దాని స్వభావమే అంత. దానికి తోడుగా చూపొకటి కావలెను.

ఆ చూపు మొదట మనుష్యుని కన్నే. దీనికి అందమైన నిదర్శనము ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డు చరిత్ర. అతడు 1857లో అమెరికాలోని నాష్‌విల్ నగరమున పేదయింట పుట్టెను. తొమ్మిదేండ్లకే ఫొటో అంగడిలో పనికి కుదిరెను. అక్కడ సూర్యకాంతితో బొమ్మలను పెద్దవి చేయు పెద్ద యంత్రముండెను. అది ఎల్లప్పుడు సూర్యునికి ఎదురుగా ఉండునట్లు చేతితో త్రిప్పుచుండుట ఆ బాలుని ఉద్యోగము. ఎండలో నిలుచుండి ఆకాశపు నడకను చేతులతో నేర్చినవాడు, పెద్దవాడై లిక్ వేధశాలలో పాలవెల్లికి ఫొటోలు తీసెను. గంటలకొలది గైడు దూరదర్శినికి కన్నంటించి, తీగల నడుమ చుక్కను నిలిపి, తప్పినప్పుడెల్ల మరను చేతితో దిద్దుచుండెను. అట్లు తీసిన వాటివంటి ఫలకములను పోల్చి 1916లో ఒక చుక్క ఏటికి పది వికలలకు పైగా జరుగుచున్నదని కనుగొనెను. దానిని నేటికిని బర్నార్డు నక్షత్రమందురు.

ఈ కన్నులపని తెలుగునేలమీద ఎట్లు సాగినదో ఇక వినవలెను.

1887లో పారిస్ నగరమున నానాదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటిని ఫొటోలు తీసి, చుక్కల పట్టికను తయారుచేయ నిశ్చయించిరి. గ్రామమును సర్వేచేసి కమతములు పంచినట్లు ఆకాశమును అడ్డపట్టెలుగా కోసి ఒక్కొక్క వేధశాలకు అప్పగించిరి. కొన్ని వేధశాలలు తమ పాలు ముగింపలేకపోయినవి. దక్షిణమున 17వ అంశనుండి 23వ అంశవరకుగల పట్టె చిలీదేశమున శాంటియాగో వారిది. అది హైదరాబాదునకు వచ్చినది.

హైదరాబాదులో వేధశాల స్థాపించినవాడు నవాబు జఫర్ జంగు అను ధనికుడు. ఇంగ్లండునుండి పదునైదంగుళముల దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో దానికి పునాది వేసెను. ఆయన పిమ్మట 1908లో నైజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. అదియే నిజామియా వేధశాల. బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. ఈ పట్టె పనికి ఉపయోగించినది పదునైదంగుళముల దుర్భిణి కాదు. ఎనిమిదంగుళముల ఫొటో దూరదర్శిని. పనిని ఆర్థర్ చాట్‌వుడ్ మొదలిడగా, పోకాక్ నడపగా, 1918 మొదలు 1944 వరకు టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా నిర్వహించెను. దక్షిణపు పట్టెకు 1914 మొదలు 1929 వరకు 1260 ఫలకములు తీయబడినవి. అది ముగియుచుండగనే, జర్మనీలోని పోట్స్‌డాం వారు విడిచిన పట్టెలో ఉత్తరపు 36వ అంశనుండి 39వ అంశవరకు గల భాగముకూడ నెత్తిన వేసికొని 1938 నాటికి ముగించిరి. ఫలితములు పండ్రెండు సంపుటములుగా వెలువడినవి.

సంఖ్యలు చెప్పుకొన్న చాలదు. ఆ పట్టెలలో ఉన్నదేమో పంచాంగము చూచువారికి చెప్పిన రుచించును. ఆకాశమున మిక్కిలి ప్రకాశవంతమగు లుబ్ధకుడు, అనగా మృగవ్యాధుడు, దక్షిణపు పట్టె అంచుననే కలడు. వృశ్చికపు తలయైన అనూరాధ చుక్కలలో రెండు ఆ పట్టెలోనివే. ఉత్తరపు పట్టెలో అభిజిత్తు కలదు. వీని చుట్టును కంటికానని వేలకొలది చుక్కలు ఒక్కొక్కటిగా కొలువబడినవి, అంకెలుగా వ్రాయబడినవి.

ఒక్కొక్క ఫలకము వెనుక ఒక రాత్రిలోని కొంతభాగము కలదు. ఆ ఏర్పాటులో ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కలకు సమానమగునట్లు ఫలకముండవలెనని పారిస్ వారి నియమము. యంత్రము నిలిచిపోయినచో చుక్క నిమిషమునకు పదునైదు మిల్లీమీటర్లు పారిపోవును. బరువు దిగుచుండగా నడచు గడియారపు మర దానిని వెంటబడును. ఆ మర తప్పును కనిపెట్టునది ప్రక్కగొట్టములో కన్నుంచిన మనుష్యుడు. ఆ గొట్టములో అడ్డముగాను నిలువుగాను సన్నని తీగలుండును. ఆ కాలపు వేధశాలలలో సాలెపురుగు దారములనే తీగలుగా కట్టుట వాడుక. చుక్క ఆ కూడలిని వదలినచో మర త్రిప్పి మరల కూడలికి చేర్చవలెను. ఒకే ఫలకముమీద సాధారణముగా ఆరు నిమిషములు, మూడు నిమిషములు, ఇరువది సెకనులు చొప్పున మూడు మార్లు వెలుగు పట్టుదురు. ఆరు నిమిషములేగదా యనవచ్చును. రెప్ప వేయక, ఊపిరి దిగబట్టి, చలిలో ఆరు నిమిషములు ఒకే చుక్కను చూచినవాడే ఆ మాట తక్కువయో ఎక్కువయో చెప్పవలెను. అటువంటివి పదునైదేండ్లు.

తప్పిన ఫలకము తప్పిన లెక్క. చుక్క గుండ్రముగా పడనిచో దాని నడిబిందువు ఎక్కడని కొలువవలెను? దానిమీద ఆధారపడిన అంకె సంపుటములో అచ్చుపడినచో అది సర్వేరాయిని తప్పుగా నాటినట్లే. డైరెక్టరుల పేర్లు లోకమునకు తెలియును. తీగలకూడలి దగ్గర కన్నుంచిన సహాయకుల పేర్లు తెలిసినవారు తక్కువ. వారిలో ఒకరి యింటి సంగతి మాత్రము చరిత్రకెక్కినది: ఆ వేధశాలలో పనిచేసిన బప్పు గారి కుమారుడు వేణు బప్పు. 1927లో జన్మించిన ఆయన అక్కడి రాత్రులనుచూచి పెరిగి, అమెరికాలో చదువుచు 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడై, దేశమునకు మరలి వచ్చి జవ్వాది కొండలలో కావలూరు వేధశాలను నెలకొల్పెను.

ఆ సంపుటములు చాలకాలము అలమరలలో మూలుగుచుండెను. ఆ పథకమంతయు వ్యర్థప్రయాస యని విమర్శించిన పండితులుకూడ కలరు. కాని 1989లో ఐరోపావారు హిపార్కస్ అను ఉపగ్రహమును పైకి పంపిరి. అది మూడునాలుగేండ్లపాటు చుక్కల స్థానములను అతిసూక్ష్మముగా కొలిచెను. ఉపగ్రహము చుక్క ఇప్పుడెక్కడ ఉన్నదో చెప్పగలదు. అది ఎటు నడచుచున్నదో నిశ్చయముగా చెప్పుటకు పాత దస్త్రము కావలెను. లుబ్ధకుడు ఏటికి వికలకు కొంచెము పైగా జరుగును. అనేక చుక్కలు అందులో నూరవవంతుకూడ జరుగవు. రీసర్వేనాడు పాత అడంగలును, పాత పటమును తీసి చూచినట్లు, శాస్త్రజ్ఞులు పారిస్ పథకపు సంపుటములనన్నిటిని కంప్యూటరునకు ఎక్కించి, ఉపగ్రహపు కొలతలతో పోల్చిరి. 2000లో టైకో-2 అను పట్టిక వెలువడినది. అందులో ఇరువదియైదు లక్షలకు పైగా చుక్కలును, వానిలో మిక్కిలి ఎక్కువవాని నడకలును కలవు. ఆ నడకల లెక్కలో బేగంపేట రాత్రులు చేరియున్నవి. 1914 నాటి ఆకాశమును 2000లో ఎంత ధనము పోసినను ఎవడును మరల ఫొటో తీయలేడు.

ఇక నేటి పద్ధతికి వత్తము. కంటికి బదులు చిన్న కెమెరా, చేతికి బదులు కంప్యూటరు వచ్చినవి. 1980ల చివర అమెరికాలో ఎస్‌బిగ్ అను కంపెనీవారు ఎస్‌టీ-4 అను పరికరమును అమ్మిరి. నేటికిని మౌంటులమీద గైడుతీగను గ్రుచ్చు రంధ్రమునకు ఆ పేరే నిలిచినది. తరువాత క్రెయిగ్ స్టార్క్ అను ఆయన పీహెచ్‌డీ గైడింగు అను ప్రోగ్రామును వ్రాసెను. దాని రెండవ రూపమును స్వచ్ఛందసేవకులు వృద్ధిచేయుచు ఉచితముగా పంచుచున్నారు. పని పాతదే. ప్రక్కనున్న చిన్నగొట్టములోని కెమెరా రెండు సెకనులకొకమారు ఒక చుక్కను చూచును. నిన్నటి స్థానమునకు నేటి స్థానమునకు తేడా వ్రాసికొనునట్లు తేడా లెక్కించును. ఇరుసు మోటారునకు అంత తోపు ఇచ్చును.

ఏర్పాటు నేలనుండి మొదలుకావలెను. ఈ సీమది నల్లరేగడి. ఎండకు నెఱ్ఱెలు విచ్చును, తడికి ఉబ్బును, బరువుకు క్రుంగును. కుందూ వైపు పొలములో ముక్కాలి పీటవలె యంత్రమును నిలిపి, ప్రక్కమడికి నీరు పారుచుండగా ఫొటో తీయబోయినచో అర్ధరాత్రికి ఒక కాలు దిగబడును, ధ్రువుని సరిచూచిన శ్రమ దండుగయగును. కాళ్లక్రింద మూడు బేతంచెర్ల నాపరాళ్లను మట్టసముగా వేయుట చవుకైన ఉపాయము. స్థిరముగా ఒకచోటనే పనిచేయువాడు రాతిస్తంభము నాటించుకొనిన మరియు మేలు. ఆళ్లగడ్డ శిల్పులకు నిలువు తూకము చూపనక్కరలేదు. మేడమీద సౌకర్యము ఎక్కువ కాని వేసవిలో గచ్చు మధ్యరాత్రి వరకు సెగలు క్రక్కును, ఆ సెగలో చుక్క నీటిలోని నాణెమువలె కదలును. మేడమీద మనుష్యుడు నడచినను కదలును.

పిమ్మట బరువు. దూరదర్శినియు ఎదురుబరువును త్రాసువలె తూగవలెను. సరిగా సమముగాకూడ ఉండరాదు. తూర్పువైపు కొంచెము మొగ్గు ఉంచినచో పండ్లు ఎప్పుడును ఒకేవైపున ఆనుకొనియుండి సందు రాదు. ఈ సూక్ష్మము తెలియక, తులాభారము తూచినట్లు తూచి, ఎందుకు ఊగుచున్నదో తెలియక రాత్రులు గడపినవారు పెక్కుమంది. గైడుగొట్టమును పెద్దగొట్టమునకు బిగుతుగా బిగింపవలెను. అది వెంట్రుకంత వంగినను కంప్యూటరు తన చుక్కను నిలిపియే యుండును. పెద్ద ఫొటోలో మాత్రము చుక్కలు సాగును. తెరమీద అంతయు సవ్యముగా కనబడుచు ఫొటో చెడుట దీని లక్షణము. వ్రేలాడు తీగలుకూడ ఇట్టి దోషమును తెచ్చును.

తరువాత కంప్యూటరునకు మూడు సంగతులు నిజముగా చెప్పవలెను: గైడుగొట్టపు నాభ్యంతరము, కెమెరా గడి కొలత, మౌంటు తోపు వేగము. గడి మైక్రానులను 206తో గుణించి నాభ్యంతరపు మిల్లీమీటర్లతో భాగించిన గడికి ఎన్ని వికలలో తెలియును. నూటయిరువది మిల్లీమీటర్ల గొట్టమునకు 3.75 మైక్రానుల గడిగల కెమెరా తగిలించినచో గడికి ఆరున్నర వికలలకు కొంచెము తక్కువ. ఇంత ముతకగడితో రెండు వికలల తప్పు ఎట్లు పట్టుబడునని సందేహము కలుగవచ్చును. చుక్క వెలుగు అనేక గడులలో పరచుకొనును. ఏ గడిలో ఎంత పాలు పడెనో చూచి నడిబిందువును గడిలో పదవవంతు వరకు లెక్కకట్టవచ్చును. అందువలననే గైడుచుక్కను మిక్కిలి సూదిమొనగా ఫోకసు చేయుట మేలుగాదు. కొద్దిగా పరచుకొన్ననే లెక్క బాగుగా తేలును.

ఇక అసలైన మెట్టు కాలిబ్రేషను, అనగా తోపునకు కదలిక ఎంతయో యంత్రము తానే నేర్చుకొనుట. మోటారు పడమటికి కొన్నితోపులు తోయును, చుక్క తెరమీద ఎటు ఎంత పోయెనో చూచును. మరల వెనుకకు తెచ్చును. ఉత్తర దక్షిణములకును అట్లే చేయును. తోపు వేగము నక్షత్రవేగములో సగమైనచో ఒక సెకను తోపునకు చుక్క ఏడున్నర వికలలు జరుగును. పైన చెప్పిన గొట్టమునకు చుక్క ఇరువదియైదు గడులు జరుగవలెనన్న 160 వికలలు, అనగా మొత్తము ఇరువదియొక్క సెకను తోపు. పండ్రెండు తోపులుగా విభజించిన ఒక్కొక్కటి సెకనున్నరకు పైగా, రెండు సెకనులకు లోపుగా ఉండవలెను. ఈ లెక్క వేయక, ప్రోగ్రాములో ముందుగానున్న అంకెనే వదలివేసి, రెండు తోపులకే చుక్క తెర దాటిపోయినదనియు, ఎంత తోసినను కదలలేదనియు వగచుట మంచిదికాదు. ఈ పాఠమును విషువద్వృత్తమునకు దగ్గరగా, నడిమింటికి సమీపమున చేయవలెను. ధ్రువుని దగ్గర చుక్కలు చిన్న వలయములలో తిరుగుటచే అక్కడ నేర్చిన కొలత వేరొకచోట పనికిరాదు. శీతకాలమున మృగశిర ప్రక్కనున్న మూడుచుక్కల వరుస ఇందుకు తగినది; వానిలో పైచుక్క ఇంచుమించు విషువద్వృత్తముమీదనే ఉన్నది.

నేర్చుట అయిన తరువాత దిద్దుటలో మితము కావలెను. ఇక్కడనే ఎక్కువమంది పొరబడుదురు. చుక్క తెరమీద ఎప్పుడును గజగజలాడుచుండును. అందులో కొంత మౌంటు తప్పు, కొంత గాలి తప్పు. గాలివలని కదలిక క్షణికము. దిద్దుటకు పోవునంతలో చుక్క తానే వెనుకకు వచ్చును, అప్పుడిచ్చిన తోపు దానిని రెండవవైపునకు నెట్టును. పగ్గము మాటిమాటికి గుంజు బండివాని ఎద్దులు త్రోవవదలి పాములవలె నడచును గదా! కావున చూచు సేపు అర సెకను గాక రెండు మూడు సెకనులుంచవలెను. అంతలో గాలి అల్లరి సగటుపడును. కనబడిన తప్పులో నూటికి డెబ్బదిపాళ్లే దిద్దుమని చెప్పవలెను. గడిలో పదవవంతు వంటి స్వల్పపు తప్పును అసలు ముట్టవద్దని కనీసహద్దు పెట్టవలెను. ఉత్తర దక్షిణముల ఇరుసున పండ్లసందు ఎక్కువగానున్న యంత్రములకు, చుక్క ఎటు జారుచున్నదో కనిపెట్టి ఆ ఒక్కవైపున మాత్రమే దిద్దుమని నియమించుట మేలు. తెరమీద వంకరగీతను చదునుచేయవలెనను పట్టుదల వదలుకొని, ఫొటోలో చుక్క గుండ్రముగానున్నదా యని చూచువాడే పని ముగించును.

ధ్రువస్థానము సరిచూడక గైడింగు తోనే గట్టెక్కుదమనుకొనుట మరియొక భ్రమ. కంప్యూటరు ఒక్కచుక్కను కూడలిలో నిలుపును. ఇరుసు తప్పుగానున్నచో తక్కిన ఆకాశము ఆ చుక్క చుట్టు మెల్లగా గిరగిర తిరుగును. ఫొటో మూలలలో చుక్కలు వంకీలు తిరిగియున్నచో ఏ అంకె మార్చినను గుణములేదు. నాపరాయి దగ్గరనుండి మరల మొదలుపెట్టవలసినదే.

రహదారిదీపముల సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైన పిమ్మట దీపములు సహజముగా పెరిగినవి. ఊరికి పది పదునైదు కిలోమీటర్లు అవతల, నల్లమల పంచన చీకటి ఇంకను మిగిలియున్నది. అడవిలోనికి రాత్రివేళ పోవుట నిషిద్ధము, అవసరమును లేదు. అంచుపల్లెల కళ్లములు చాలును.

మొదట దేనికి ఫొటో తీయవలెనని అడుగువారికి ఒక సూచన. మే నెల మూడవ వారమున అర్ధరాత్రి దాటిన కొంచెము సేపటికి వృశ్చికపు తల నడిమింటికి వచ్చును. అనూరాధ చుక్కలలో ఉత్తరపుదానికి ప్రక్కన, కంటికి మసకగా అగపడు ఒక చుక్క చుట్టును నీలపుమంచు వంటి నీహారిక కలదు. బర్నార్డు తన ఫొటోలలో చూపించినది అదియే. ఈ సీమలో అది యేబదియైదు అంశల ఎత్తునకు లేచును. ఐదేసి నిమిషముల ఫొటోలు ఇరువదిముప్పది తీసి కలుపవలెను. ఒక్కొక్క ఫొటో నడుమ కొన్నిగడులు ప్రక్కకు జరుపుమని ప్రోగ్రామునకు చెప్పినచో కెమెరా మచ్చలు ఒకేచోట పేరుకొనవు. చుక్క నడిమిల్లు దాటినవెంటనే గొట్టము కాలికి తగులకుండ యంత్రమును రెండవవైపునకు త్రిప్పవలెను. అప్పుడు ఉత్తర దక్షిణముల దిద్దుబాటు తలక్రిందులగునని కంప్యూటరునకు తెలుపుట మరువరాదు. ఆ మెట్టున మేలుకొనియుండుట మంచిది. ఆ రాత్రి గైడింగునకు తెరమీద ఎన్నుకొన్న చుక్క పదవ తరగతి వెలుగుదైనను, అది హైదరాబాదు వారి దక్షిణపు పట్టెలోనిదే. దాని పాత స్థానము బేగంపేటలో కొలువబడి, ఆ సంపుటములలో ఒక వరుసలో అంకెలుగా ఉన్నది, ఇప్పుడు కంప్యూటరులోకూడ ఎవరికైనను దొరకును.